లేని ఎదురుగాలి

“ఎదురుగాలి మేడమ్,” అన్నాడు పైలట్ మళ్ళీ.

అతను ఆ మాట అనడం అది నాలుగోసారి. మొదటిసారి ధీమాగా అన్నాడు. రెండోసారి విసుక్కున్నాడు. మూడోసారి నీళ్ళు నమిలాడు. ఈసారి మాత్రం పాఠం అప్పజెప్పినట్టు అనేసి, బల్ల మీదున్న కాఫీ కప్పును అటూ ఇటూ జరపడం మొదలుపెట్టాడు. డిటెక్టివ్ అతని ముఖం వంక చూడటం ఎప్పుడో మానేసింది. ముఖాలు అబద్ధం నేర్చుకుంటాయి గానీ చేతులకు అంత తెలివి ఉండదని ఆమె నమ్మకం. పదిహేనేళ్ళు బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని, ఆ తర్వాత సొంతంగా ఆఫీసు తెరిచిన మనిషి మరి.

ఆమె ముందున్న చిక్కు ఇదీ. నది మీద కట్టిన కొత్త వంతెన ఏడాది తిరక్కుండానే కూలిపోయింది. పదకొండు మంది పోయారు. దాన్ని తనిఖీ చేసిన ఇంజినీరు విచారణ సంఘం ముందు నోరు విప్పడానికి ఒప్పుకున్నాడు. సాక్ష్యం రేపు, రాజధానిలో. ప్యాసింజర్ విమానాల్లో జనం మధ్య వెళ్ళడం క్షేమం కాదని, మొన్న ఉదయం ఇదే విమానాశ్రయంలో ఒక చిన్న అద్దె విమానం ఎక్కాడు. రాజధానిలో కోటూ టోపీతో దిగి, తల వంచుకుని గేటు దాటడం కెమెరాలో పడింది. ఆ గేటు అవతల మనిషి లేడు. హోటల్‌కు వెళ్ళలేదు, ఇంటికి ఫోన్ చేయలేదు. విమానం మాత్రం ఆ సాయంత్రమే ఖాళీగా వెనక్కొచ్చి ఈ గది పక్కనున్న షెడ్డులో నిలబడింది.

పోలీసులు తేల్చిందేమిటంటే, కాంట్రాక్టరు దగ్గర డబ్బు పుచ్చుకుని ఇంజినీరు ఉడాయించాడు. కాదని అంటున్నది ఒక్క మనిషి, అతని భార్య. ఆవిడే డిటెక్టివ్‌ను పెట్టుకుంది. ఈ ఉదయం షెడ్డులో పోలీసులూ, విమానాల కంపెనీ ఓనరూ, అందరూ వింటుండగానే గట్టిగా అనేసింది: “మా ఆయన పారిపోయే మనిషి కాదండీ. ఆయన చూసిందంతా రోజూ రాత్రి నాకు చెప్పేవారు. మొత్తం నాకు నోటికొచ్చు. రేపు ఆయన రాకపోతే ఆ సంఘం ముందు నేను నిలబడతాను.” ఆ మాట అంత మందిలో అనకుండా ఉంటే బాగుండేదని డిటెక్టివ్‌కు అప్పుడే అనిపించింది. భార్య ఇంకా బయట బెంచీ మీదే కూర్చుని ఉంది.

“మామూలుగా ఎంతసేపు పడుతుంది రాజధానికి?” అని అడిగింది డిటెక్టివ్.

“నాలుగు వందల ఎనభై కిలోమీటర్లు. గంట.”

“మొన్న?”

“గంటా ఇరవై. చెప్పాను కదా మేడమ్, పైన ఎదురుగాలి.”

“ఎంత ఎత్తున ఎగిరారు?”

“ఇరవై రెండు వేల అడుగులు. ఎప్పుడూ అంతే.”

“ఇంజినీరు గారు ఏం చేస్తున్నారు?”

ఈ ప్రశ్నకు మాత్రం పైలట్ తడుముకోలేదు. “పైకి చేరాక నీళ్ళు అడిగారు. నా చేత్తోనే కొత్త సీసా మూత తీసి ఇచ్చాను. సగం తాగి, మూత బిగించి, ఎదురుగా ఉన్న గుడ్డసంచిలో పెట్టుకుని నిద్రపోయారు. దిగాక లేపాను, కోటు వేసుకుని వెళ్ళిపోయారు. అంతే మేడమ్.”

“అంతేనా?” డిటెక్టివ్ కుర్చీ ముందుకు జరుపుకుంది. “మీ వెనకాలే, పది నిమిషాల తేడాతో, ఇదే రన్‌వే మీంచి ప్యాసింజర్ విమానం లేచింది. అదీ రాజధానికే. దాని పైలట్‌ని నిన్న నేను కలిశాను. ఎప్పటికంటే ఎనిమిది నిమిషాలు ముందే దిగారట. ఎందుకండీ అంటే వెనకగాలి అన్నాడు, ఆ వారంలో అంత మంచి వెనకగాలి లేదన్నాడు. ఒకే దారి, ఒకే పూట. ఆయన్ని వెనక నుంచి తోసిన గాలి మిమ్మల్ని ముందు నుంచి ఎలా ఆపిందో కాస్త నాకర్థమయ్యేలా చెప్పండి.”

కాఫీ కప్పు జరపడం ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు. డిటెక్టివ్‌కు ఇతను స్వయానా మరిది, భర్తకు తమ్ముడు. కేసులో ఎదురుపడితే ఇద్దరికీ పడదు, ఆదివారం మాత్రం ఒకే బల్ల దగ్గర భోంచేస్తారు. అతను వదినా వదినా అని పిలవడం విని విని స్టేషన్‌లో కానిస్టేబుళ్ళు కూడా ఆమెను వదినగారనే అంటారు. అది అతనికి ఒళ్ళు మంట.

“ఏంటి వదినా, గాలి లెక్కలా?” అన్నాడు నవ్వుతూ. “దిగడానికి ఖాళీ లేక పైన రెండు చుట్లు కొట్టి ఉంటాడు. ఇరవై నిమిషాలకి ఇంత రాద్ధాంతమా? మా అన్నయ్య బజారుకెళ్తే గంట ఆలస్యంగా వస్తాడు, ఆయన్ని ఎప్పుడైనా ఇలా నిలదీశారా?”

“మీ అన్నయ్య ఆలస్యంగానైనా ఇంటికొస్తాడు. ఈయన రాలేదు,” అంది డిటెక్టివ్. “రాజధాని టవర్‌ని కనుక్కున్నాను. ఆ సమయానికి ఆకాశం ఖాళీగా ఉందట. వస్తూనే దింపేశారు.”

“అయితే మధ్యలో ఎక్కడో దించేశాడంటారా?”

“మధ్యలో కొండలు తప్ప ఏమున్నాయి దిగడానికి? పైగా దిగి, ఆగి, మళ్ళీ లేవడానికి ఇరవై నిమిషాలు ఏ మూలకి? దిగలేదు. దారి పొడుగునా నెమ్మదిగా వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో నాకు తెలియాలి. నువ్వు సీలు వేసిన విమానం ఒకసారి తెరిపించు.”

“తెరిపిస్తాను. మీకోసం కాదు, తొందరగా మీ దారిన మీరు వెళ్తారని.”

షెడ్డులోకి వెళ్తుంటే ఓనరు ఎదురొచ్చాడు. ఒకప్పుడు తనూ పైలట్టే. మెత్తటి మనిషి, మెత్తటి గొంతు. పొద్దుటి నుంచీ అందరికీ కాఫీలు పంపిస్తున్నది ఆయనే. “పాపం ఆవిడ ఏమీ తినలేదండీ, నేను చూసుకుంటాను, మీరు కానివ్వండి,” అని బెంచీ వైపు నడిచాడు. మంచి మనిషి అన్నట్టు ఇన్‌స్పెక్టర్ తల ఊపాడు.

విమానం లోపల నడుం వంచితే తప్ప నడవడానికి లేదు. అటు నాలుగు, ఇటు నాలుగు, మొత్తం ఎనిమిది సీట్లు. పైలట్ కూర్చునే చోటుకు అడ్డంగా ఒక తెర. వెనక చివర, ఎడమ పక్కన తలుపు. అది కిందికి తెరుచుకుంటే మెట్లవుతుంది. డిటెక్టివ్ గుమ్మంలోనే ఆగి సీట్లన్నీ చూసింది, దేన్నీ ముట్టుకోలేదు.

“ఈ బెల్టులు ఇలా ఎందుకున్నాయి?” అని అడిగింది.

గుమ్మం దగ్గరున్న మెకానిక్ చెప్పాడు. “శుభ్రం చేశాక సీటు మీద బెల్టు రెండు కొసలూ దాటించి పెడతామండీ. ఎక్కే వాళ్ళకి చూడ్డానికి బాగుంటుందని. మొన్న బయల్దేరే ముందు నేనే పెట్టాను, ఎనిమిదీ.”

“తిరిగొచ్చాక?”

“ఎవరూ ఎక్కలేదండీ. వచ్చిన వెంటనే పోలీసులు మూసేశారు.”

ఆరు సీట్ల మీద బెల్టులు దాటించినవి దాటించినట్టే ఉన్నాయి. రెండు మాత్రం విడిపోయి ఉన్నాయి. ఒకటి ముందు వరసలో, సీసా ఉన్న సంచి వెనకది. అది ఇంజినీరుది. రెండోది అన్నిటికంటే వెనక, తలుపుకు ఆనుకుని ఉన్న సీటు. దాని బెల్టు పక్కకు పడి వేలాడుతోంది.

ఒక్క ప్రయాణికుడు రెండు సీట్లలో కూర్చోడు. తెర పక్కనుంచి వెనక్కి చూసే పైలట్‌కు ఆ సీటు కనబడకపోయే ప్రసక్తే లేదు.

ఆమె ముందు వరస దాకా వెళ్ళి, చేతిరుమాలుతో సంచిలోని నీళ్ళ సీసా తీసింది. పల్చటి ప్లాస్టిక్ సీసా. సగం నీళ్ళు, సగం ఖాళీ, మూత గట్టిగా బిగించి ఉంది. వేలితో నొక్కి చూసింది. బిర్రుగా ఉంది, ఎక్కడా సొట్ట లేదు. ఒక నిమిషం దాన్నే చూస్తూ నిలబడి, తన భుజానికున్న సంచిలో చెయ్యి పెట్టి ఇంకో సీసా బయటికి తీసింది.

“ఇదేంటి, మీ సీసా మీద లారీ ఎక్కిందా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆమె సీసా పక్కలు రెండూ లోపలికి అతుక్కుపోయి ఉన్నాయి.

“రాజధాని నుంచి పొద్దున్న విమానంలో వచ్చాను కదా. పైన సగం తాగి మూత పెట్టాను. కిందికి దిగేసరికి ఇలా అయింది. పైన క్యాబిన్లో గాలి పల్చగా ఉంటుంది. ఆ పల్చటి గాలినే మూత వేసి బంధించి కిందికి తెస్తే, కింద గాలి బరువుకి సీసా నలిగిపోతుంది. చూడు.” ఆమె మూత తిప్పింది. సీసా బుస్సుమని గాలి పీల్చుకుని మళ్ళీ నిండుగా అయింది. “ఇంజినీరు ఇరవై రెండు వేల అడుగుల మీద తాగి మూత పెట్టాడన్నాడు నీ సాక్షి. ఆ సీసా నలగలేదు.”

బయట ఎక్కడో విమానం లేచిన మోతకు షెడ్డు రేకులు అదిరాయి. అది తగ్గేదాకా ఇద్దరూ మాట ఆపారు.

“నీళ్ళ సీసా పట్టుకుని కోర్టుకి వెళ్ళమంటారా నన్ను?” ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచాడు. అయినా అందులో ఇందాకటి వేళాకోళం లేదు. “నా దగ్గర వీడియో ఉంది. రాజధానిలో చెత్తకుండీలో ఆయన కోటు కూడా దొరికింది, గంట క్రితమే కబురొచ్చింది. మనిషి అక్కడ దిగాడు వదినా!”

“కోటు దిగింది. కోటు లోపలున్నది ఎవరో ముఖం చూశావా నువ్వు?”

అతను చేత్తో సైగ చేసి మెకానిక్‌ను బయటికి పంపేశాడు.

“విను,” అంది ఆమె, గొంతు తగ్గించి. “ఈ విమానం పైకి వెళ్ళలేదు. దారి పొడుగునా కిందనే ఎగిరింది. కింద గాలి చిక్కన, వేగం రాదు. అందుకే వెనకగాలి ఉన్నా ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టింది. అన్నీ బాగున్న విమానాన్ని కింద ఎందుకు నడుపుతారు? పైన ఎగిరేటప్పుడు లోపలి గాలి ఈ తలుపుని బిగబట్టి ఉంచుతుంది. పది మంది లాగినా రాదు. కింద, నెమ్మదిగా వెళ్తుంటే...” ఆమె వెనక్కి వచ్చి తలుపు పిడి మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది. “ఒక్క మనిషి చాలు.”

ఇన్‌స్పెక్టర్ ఆ తలుపు వంక, పక్కనే వేలాడుతున్న బెల్టు వంక చూశాడు. పోలీసుగా ఎన్నో చూసినవాడే, కానీ మనిషిని ఆకాశంలోంచి తోసేయడం అనే ఆలోచన అతనికి రావడానికి ఇంత సమయం పట్టింది. డిటెక్టివ్‌కు అతని మీద కోపం రాలేదు. తనకూ ఆ ఆలోచన రాకపోతే బాగుండేదనిపించింది.

ఇద్దరూ మళ్ళీ గదిలోకి వచ్చారు. ఈసారి ఆమె కూర్చోలేదు.

“వెనక సీట్లో ఎవరు?” అని మాత్రం అడిగింది.

పైలట్ తలెత్తాడు. ఆమె చేతిలో సీసా చూశాడు. విమానాలు నడిపే వాడికి దాని అర్థం ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని బావురుమన్నాడు.

“నేను తలుపు తియ్యలేదు మేడమ్, మా పిల్లల మీద ఒట్టు. ఓనరుగారు షెడ్డులోనే ఎక్కి వెనక సీట్లో కూర్చున్నారు. క్యాబిన్లో గాలి నింపే యంత్రం పాడైంది, పైకి పోకు, నెమ్మదిగా పోనియ్ అన్నారు. నమ్మాను. కొండల మీదికి రాగానే ఒక్కసారి చెవులు దిమ్మెక్కాయి. లోపలంతా గాలి. వెనక్కి తిరిగి చూస్తే ముందు సీటు ఖాళీ. ఓనరుగారు రెండు చేతులతో తలుపు లాక్కుంటున్నారు. మూసి, తల దువ్వుకుని, నా పక్కకొచ్చి ‘నీకు ఇద్దరు పిల్లలు కదూ’ అన్నారు. అంతే. ఇంకో మాట లేదు. దిగే ముందు ఆ కోటు తొడుక్కున్నారు. సీసా మాట, ఎదురుగాలి మాట, అన్నీ ఆయన చెప్పించినవే.”

“ఇంజినీరు మీద ఆయనకేం పగ?”

“వంతెన కట్టిన కాంట్రాక్టరు ఆయన బావమరిదే మేడమ్. పేరు బావమరిదిది, సొమ్మంతా ఈయనది.”

డిటెక్టివ్ చటుక్కున తలుపు తీసింది. బయట బెంచీ మీద ఎవరూ లేరు. సగం తాగిన కాఫీ కప్పు ఒకటి చల్లారిపోయి ఉంది.

“ఇంజినీరు గారి భార్య ఏది?”

తిరిగి చూస్తే ఇన్‌స్పెక్టర్ గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“కోటు గుర్తుపట్టాలి కదా వదినా,” అన్నాడు. “ప్యాసింజర్ విమానం సాయంత్రం దాకా లేదు. రెండో విమానం ఖాళీగానే ఉంది, ఇప్పుడే దింపేస్తామని ఓనరుగారే అన్నారు. పాపం ఆడమనిషి ఒంటరిగా ఎందుకు, నేనూ తోడు వెళ్తానన్నారు. కానిస్టేబుల్‌ని పంపుతానంటే, ఎందుకండీ, ఆవిడ దొంగా అన్నారు. నాకూ నిజమే అనిపించింది. ఇందాక మనం లోపలున్నప్పుడు లేచింది, ఆ విమానమే. మీ దగ్గరికి రాకముందు ఆవిడని నేనే ఒప్పించాను వదినా. భయం లేదు, వెళ్ళి రండని నేనే చెప్పాను.”

తిట్టడానికి అది సమయం కాదు. డిటెక్టివ్ అప్పటికే పరుగందుకుంది, వెనకే ఇన్‌స్పెక్టర్.

కంట్రోల్ టవర్ మెట్లు ఎక్కేసరికి ఆమెకు ఊపిరి అందలేదు. రాడార్ తెర ముందు కూర్చున్న ఆఫీసర్ చెవి మీది ఫోన్ పక్కకు జరిపి, వీళ్ళ వాలకం చూసి లేచాడు.

“రాజధానికి వెళ్తున్న చిన్న విమానం,” అంది ఆమె. “ఎంత ఎత్తులో ఉంది?”

“ఇరవై రెండు వేల అడుగులకి చేరానన్నాడండీ పైలట్.”

“అన్నాడు సరే. మీ తెర ఏమంటోంది?”

“ఎత్తు చూపించే పరికరం పని చేయడం లేదట. మొన్న వాళ్ళ మొదటి విమానంలోనూ ఇదే ఫిర్యాదు. చుక్క మాత్రం కనిపిస్తోంది, ఇదిగో.”

“వేగం?”

“గంటకి మూడు వందల యాభై...” ఆఫీసర్ మాట మధ్యలో ఆగింది. పక్కనున్న గాలి వివరాల వంక ఒకసారి చూసి, మళ్ళీ తెర వంక చూశాడు. “ఇవాళ కూడా పైన వెనకగాలే. ఆ ఎత్తులో ఉంటే ఆరు వందలకి తగ్గకూడదు. వీడు కిందనే ఉన్నాడు!”

“కొండలు ఎంత దూరం?”

“నాలుగు నిమిషాలు. అంత కింద ఎగిరితే కొండలు దాటాక నాకిక కనబడడు.”

ఇన్‌స్పెక్టర్ మైకు మీదికి దూకాడు. డిటెక్టివ్ అతని మణికట్టు పట్టుకుని ఆపింది. “పోలీసు అన్న మాట వినబడిందంటే ఆ తలుపు ఈ క్షణమే తెరుచుకుంటుంది. నువ్వు నోరెత్తకు.” ఆఫీసర్ వైపు తిరిగింది. “రాజధాని రన్‌వే మూసేశారు, వెనక్కి రమ్మని చెప్పండి. రోజూ చెప్పినట్టే చెప్పండి. మీ గొంతు వణక్కూడదు.”

ఆఫీసర్ పెదవులు తడుపుకుని చెప్పాడు. అతని గొంతు వణకలేదు. స్పీకర్‌లో గరగర తప్ప ఏమీ లేదు. తెర మీద చుక్క ఇంకాస్త ముందుకు జరిగింది. రేపు సంఘం ముందు నిలబడతానన్న మనిషి ఆ చుక్కలో ఉంది. బహుశా కిటికీలోంచి కొండలు చూస్తూ, పక్కనున్న పెద్దమనిషి మంచితనానికి మొహమాటపడుతూ ఉంటుంది. వెనక్కి తిరుగు, ఒక్కసారి వెనక్కి తిరుగు అని డిటెక్టివ్ మనసులో ఆ చుక్కను బతిమాలింది.

“విన్నాను, వెనక్కి...” అని ఆ విమానం పైలట్ గొంతు సగంలో తెగిపోయింది.

మళ్ళీ గరగర. ఆ తర్వాత ఇంకో గొంతు వచ్చింది. తొందర లేని, మెత్తటి గొంతు.

“రన్‌వే మూసేస్తే మాకేం ఇబ్బంది లేదండీ. మేం అంత దూరం వెళ్ళడం లేదు.”